డబ్బు తీసుకునే మొదటి డీజే ఈవెంట్: ఒప్పుకోవడం నుంచి సామాను సర్దుకోవడం వరకు సమగ్ర మార్గదర్శి

ఇంట్లో కంట్రోలర్ (లాప్‌టాప్‌లోని పాటలను చేత్తో కలిపే డీజే పరికరం) ముందు నిలబడి రెండు పాటలను తడబాటు లేకుండా కలపడం వచ్చిన కొన్ని నెలలకు, హైదరాబాద్‌లో చాలామంది కొత్త డీజేలకు మొదటి డబ్బుల పని తెలిసినవారి ద్వారానే వస్తుంది. బాబాయి కూతురి సంగీత్ కావచ్చు, స్నేహితుడి ఆఫీసు పార్టీ కావచ్చు, అపార్ట్‌మెంట్‌లో డిసెంబర్ 31 రాత్రి కావచ్చు. ఒప్పుకున్న మరునాటి నుంచి వారు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి: ఎంత అడగాలి, ఏం తీసుకువెళ్లాలి, సౌండ్ వాళ్లతో ఏం మాట్లాడాలి, మధ్యలో ఆగిపోతే ఏం చేయాలి. వాటికి పని జరిగే క్రమంలోనే ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను.

డబ్బు ఇచ్చే కుటుంబం మీ నుంచి మొదట కోరేది పాట ఆగకూడదని, తమ వాళ్లు ఆడవలసిన సమయానికి ఆడగలగాలని. మిక్సింగ్ నైపుణ్యం ఆ తరువాతి మాట. అందువల్ల దీనిలో ఎక్కువ చోటు సిద్ధపడటానికే ఇచ్చాను.

1. ఒప్పుకోవడానికి ముందు అడగవలసినవి

ఫోన్‌లో "సరే అన్నా, వస్తాను" అనడానికి ముందు పది నిమిషాలు తీసుకుని కింది ప్రశ్నలన్నీ అడిగి, సమాధానాలు రాసుకోండి.

- పాటలు ఎన్ని గంటలకు మొదలవ్వాలి, ఎన్ని గంటలకు ఆగాలి? శుభలేఖలో 7 అని ఉన్నా అతిథులు నిండేది 8.30 తరువాతే అయితే, మీ అసలు సమయం గంటన్నరే కావచ్చు.
- వేడుక హాలు లోపలా, లాన్‌లోనా, ఇంటి మేడపైనా?
- బాక్సులు, మిక్సర్, మైకులు ఎవరు తెస్తున్నారు? హాలు వారా, ఈవెంట్ మేనేజరా, మీరేనా?
- వేదికపై కుటుంబ సభ్యుల డాన్సులు ఎన్ని? యాంకర్ ఉన్నారా?
- అతిథులు ఏ భాషల పాటలు వింటారు? పిల్లలు, పెద్దలు ఎంతమంది?
- అసలు వేయకూడని పాటలు ఏవైనా ఉన్నాయా?
- ఆ రోజు నిర్ణయం చెప్పే ఒక్క వ్యక్తి ఎవరు?

చివరి ప్రశ్నను కొత్తవారు తరచుగా వదిలేస్తారు. పెళ్లివారింట్లో ఒకేసారి మేనమామ సౌండ్ పెంచమంటారు, తాతగారు తగ్గించమంటారు, పెళ్లికూతురి స్నేహితులు పాట మార్చమంటారు. "అక్క చెబితేనే మారుస్తానండి" అని ఒక పేరు చెప్పగలిగితే మీరు ఎవరినీ నొప్పించకుండా బయటపడతారు.

వేయకూడని పాటల సంగతి కూడా చిన్నది కాదు. ఆ సంవత్సరంలోనే ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే, వారికి ఇష్టమైన పాట ఒక్కటి చాలు, వేడుక మొత్తం కన్నీళ్లలోకి వెళ్లడానికి. ఆ విషయం ముందుగా అడిగి తెలుసుకోవలసిందే.

2. ధర, బయానా, రాతపూర్వక మాట

నాలుగు గంటల ఈవెంట్ అంటే నాలుగు గంటల పని కాదు. పాటల ఎంపికకు, డాన్స్ ట్రాకులు సరిచూడటానికి ఒక రోజు పడుతుంది. సామాను కలపడానికి, విప్పడానికి రెండు మూడు గంటలు. శామీర్‌పేట వైపు రిసార్టుకో మొయినాబాద్ ఫామ్‌హౌస్‌కో అయితే రానుపోను ప్రయాణం అదనం. ఈ గంటలన్నీ కలిపి, అద్దె సామాను ఖర్చును విడిగా చూపించి, అప్పుడు మీ ధర చెప్పండి. అవతలి డీజే కంటే తక్కువకు ఒప్పుకోవాలనే తొందరలో సౌండ్ అద్దెలో కోత పెట్టుకునేవారు ఉన్నారు. మూడు వందల మంది లాన్‌లో రెండు చిన్న బాక్సులు పెట్టి, వాటిని చివరికంటా పెంచి, ఆఖరికి అవి పగిలిన గొంతుతో అరుస్తుంటే పోయేది మీ పేరే.

తేదీ ఖాయం చేసేటప్పుడు సగం బయానాగా తీసుకోండి. మిగిలిన సగం సౌండ్ చెక్ ముగిసిన తరువాత, మొదటి పాటకు ముందు ఇవ్వవలసి ఉంటుందని అప్పుడే చెప్పండి. అర్ధరాత్రి దాటాక పెళ్లిపెద్దను వెతుక్కోవడం మీకూ ఇబ్బందే, ఆయనకూ ఇబ్బందే.

ఒప్పందం పెద్ద కాగితం కానక్కరలేదు. తేదీ, స్థలం, మొదలయ్యే, ముగిసే సమయాలు, మొత్తం ధర, అందిన బయానా, అదనపు గంటకు ఎంత, రద్దయితే బయానా సంగతి, సౌండ్ ఎవరి బాధ్యత అనే విషయాలను ఒకే వాట్సాప్ సందేశంగా రాసి పంపి, "సరే" అని వారి చేత తిరిగి రాయించుకుంటే చాలు.

కంపెనీల ఈవెంట్లలో రెండు తేడాలు ఉంటాయి. వారు బిల్లు అడుగుతారు, చెల్లింపులో సాధారణంగా టీడీఎస్ (చెల్లించే చోటే పట్టుకునే ఆదాయపు పన్ను) మినహాయిస్తారు. పాన్ తప్పక ఇవ్వండి. ఇవ్వకపోతే 20 శాతం కోత పడుతుంది. మినహాయించిన మొత్తాన్ని ఆదాయపు పన్ను రిటర్న్‌లో చూపించి సర్దుబాటు చేసుకోవచ్చు. సేవల ద్వారా వచ్చే వార్షిక ఆదాయం 20 లక్షల రూపాయలు దాటేవరకు సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం ఉండదు.

3. పది గంటల నియమం, అనుమతులు

శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు బహిరంగ ప్రదేశాలలో లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. నాలుగు వైపులా మూసి ఉన్న హాలు లోపల వాడుకకు మినహాయింపు ఉన్నా, శబ్దం బయటి ఇళ్లకు పరిమితి దాటి వెళ్లకూడదు. నివాస ప్రాంతాలలో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు.

లాన్‌లో జరిగే సంగీత్ అయితే ఈ నియమం మీ సెట్ (మీరు వేసే పాటల వరుస) ఆకారాన్నే మార్చేస్తుంది. 10 గంటలకు ఆపాలంటే, జనం బాగా ఆడే పాటలు 9.15 నుంచి 9.50 మధ్యలో పడాలి. కాబట్టి వేదిక డాన్సులు 7.30కే మొదలవ్వాలని కుటుంబానికి వారం ముందే చెప్పండి. "మన హాలులో ఎవరూ ఏమీ అనరు" అని హామీ ఇచ్చేవారు ఎప్పుడూ ఉంటారు, కానీ గస్తీ వాహనం వచ్చి ఆగినప్పుడు పోలీసులు ముందుగా మాట్లాడేది కన్సోల్ వెనుక నిలబడిన మనిషితోనే.

ఊరేగింపుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ నగర పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజే సౌండ్ సిస్టమ్‌లను నిషేధించారు. గణేశ్ నిమజ్జనానికి లారీ మీద డీజే కావాలని ఎవరైనా అడిగితే, స్థానిక పోలీస్ స్టేషన్ నుంచి స్పష్టమైన సమాధానం రానిదే బయానా తీసుకోకండి. పెళ్లి బరాత్‌కు కూడా నిర్వాహకులు అనుమతి తీసుకున్నారో లేదో అడిగి, ఆ కాగితం ఫోటో మీ ఫోన్‌లో ఉంచుకోండి.

పాటల హక్కుల సంగతి ఇక క్లుప్తంగా. కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 52(1)(జెడ్‌ఏ) పెళ్లి ఊరేగింపులకు, పెళ్లికి సంబంధించిన వేడుకలకు మినహాయింపు ఇస్తుంది. పబ్బులు, కంపెనీ పార్టీలు, టికెట్ పెట్టిన ఈవెంట్లకు ఆ మినహాయింపు లేదు. అక్కడ లైసెన్స్ తీసుకోవడం నిర్వాహకుల పని అని ఒప్పంద సందేశంలో ఒక వాక్యం రాయండి.

4. పాటలను సిద్ధం చేయడం

యూట్యూబ్ నుంచి దించుకున్న ఫైలు ఇయర్‌ఫోన్లలో బాగానే వినిపించవచ్చు. అదే ఫైలును పెద్ద బాక్సులలో వేస్తే కంచు తాళాల చప్పుడు ఇసుక రాలినట్టుగా, బేస్ మొద్దుగా వస్తుంది. పాటలను కొనుక్కోండి, కనీసం 320 కేబీపీఎస్ (ఫైలు నాణ్యతకు కొలత) ఎంపీ3 గానీ, వేవ్ గానీ ఉండాలి. ఫ్లాక్ ఫైళ్లను పాత ప్లేయర్లు చదవవు కనుక పెన్‌డ్రైవ్‌లో వాటిని పెట్టకండి.

నాలుగు నిమిషాల 320 కేబీపీఎస్ పాట దాదాపు 10 ఎంబీ ఉంటుంది. అంటే 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో మూడు వేల పాటల వరకు పడతాయి. ఒక సాయంత్రానికి రెండు వందల పాటలు కూడా పట్టవు. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేయండి. ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతులను చాలా ప్లేయర్లు గుర్తించవు. పబ్బులో సీడీజేల (పెన్‌డ్రైవ్ నుంచి పాటలు వేసే పెద్ద డీజే ప్లేయర్లు) మీద పాటలు వేయవలసి ఉంటే, రికార్డ్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో విశ్లేషించి పెన్‌డ్రైవ్‌కు ఎక్స్‌పోర్ట్ చేయాలి. ఊరికే ఫైళ్లను కాపీ చేస్తే పాట మోగుతుంది గానీ మీరు పెట్టుకున్న క్యూ పాయింట్లు (పాటలో ముందే గుర్తుపెట్టుకున్న చోట్లు), బీట్‌గ్రిడ్‌లు (బీట్లు ఎక్కడ పడతాయో చూపే గీతలు) రావు.

పాటలను భాష వారీగా కాకుండా సందర్భం వారీగా ఫోల్డర్లలో పెట్టండి. అతిథులు వస్తున్నప్పుడు ఒకటి, వధూవరుల ప్రవేశానికి ఒకటి, భోజనాల వేళకు ఒకటి, జనాన్ని మెల్లగా లేపడానికి ఒకటి, మాస్ పాటలు, తెలంగాణ ఫోక్, హిందీ, పంజాబీ, తీన్మార్, చివరి పావుగంట. ఒత్తిడిలో చేతికి అందేది "ఇప్పుడేం కావాలి" అనే ప్రశ్నకు సమాధానం కావాలి, అక్షరక్రమంలో ఉన్న వెయ్యి పాటల జాబితా కాదు.

తెలుగు సినిమా పాటలకు కొన్ని ప్రత్యేకమైన చిక్కులు ఉన్నాయి. ఇంగ్లీషు పాఠాలు చూసి మిక్సింగ్ నేర్చుకున్నవారు ఇక్కడే తడబడతారు.

మొదటి చిక్కు, చాలా పాటలకు డ్రమ్స్‌తో కూడిన నిడివైన ఆరంభం ఉండదు. ఆలాపనతోనో మాటతోనో మొదలై నేరుగా పల్లవిలోకి వెళతాయి. అలాంటి పాటల ముందు 16 బీట్ల దరువును జోడించి మీ సొంత ఎడిట్ చేసుకుంటే, ముందు పాట నుంచి హాయిగా దాటవచ్చు. ఎడిట్ చేయడం రాకపోతే, పల్లవి మొదటి దెబ్బ మీద హాట్ క్యూ (బటన్ నొక్కగానే అక్కడి నుంచే పాట మొదలయ్యే గుర్తు) పెట్టుకుని, ముందు పాటను ఎకోతో (ప్రతిధ్వనితో) వదిలి, ఆ క్యూను నొక్కండి.

రెండవ చిక్కు, మనుషులు కూర్చుని వాయించిన పాత పాటలలో వేగం స్థిరంగా ఉండదు. సాఫ్ట్‌వేర్ గీసిన బీట్‌గ్రిడ్ మొదటి చరణంలో సరిపోయినా రెండవ చరణానికి పక్కకు జరుగుతుంది. రెండు పాటల వేగాన్ని దానంతట అదే కలిపే సింక్ బటన్‌ను వాటిపై నమ్మకండి. రెండు పాటలు కలిసి మోగే సమయాన్ని నాలుగు బీట్లకు కుదించండి.

మూడవది అన్నిటికంటే ముఖ్యమైనది. తీన్మార్ దరువు తిశ్ర నడకలో (మూడేసి భాగాల లెక్కలో) ఉంటుంది. చతురశ్ర నడకలో (నాలుగేసి భాగాల లెక్కలో) సాగే హౌస్ అనే పాశ్చాత్య డాన్స్ సంగీతపు బీట్ మీదకు దాన్ని ఎక్కించాలని చూస్తే, బీపీఎం (నిమిషానికి బీట్లు) సంఖ్యలు సమానంగా కనిపించినా ఆడేవారి అడుగులు తడబడతాయి. ఒక పాటను స్పష్టంగా ఆపి, ఒక్క క్షణం ఖాళీ వదిలి, డప్పు దెబ్బతో తీన్మార్‌ను మొదలుపెట్టండి. ఆ ఖాళీలోనే జనం ఈల వేస్తారు. నా అభిప్రాయంలో హైదరాబాద్ పెళ్లిలో ఏ మిక్సింగ్ విద్యా ఆ ఒక్క క్షణపు నిశ్శబ్దానికి సాటి రాదు.

ప్రతి ముఖ్యమైన పాటకు మూడు క్యూలు పెట్టుకోండి: డ్రమ్స్ మొదలయ్యే చోటు, పల్లవి, పల్లవి తరువాత బయటకు వెళ్లగలిగే చోటు. డాన్స్ ఊపందుకున్నాక పాట మొత్తం వేయనవసరం లేదు. పల్లవి, అందరికీ తెలిసిన హుక్ స్టెప్, ఒక చరణం చాలు. రెండు నిమిషాల లోపు దాటిపోవచ్చు.

5. సంగీత్ డాన్స్ ట్రాకులు

కుటుంబ డాన్సులు ఉన్న ఈవెంట్‌లో మీ మీద పడే నింద ఎక్కువ భాగం ఇక్కడి నుంచే వస్తుంది. నేను డబ్బు తీసుకుని చేసిన మూడవ ఈవెంట్ కొంపల్లి వైపు ఒక హాలులో జరిగింది. పెళ్లికూతురి అక్క, బావ వేదిక మధ్యలో భంగిమ పట్టి నిలబడ్డారు, లైట్లు ఆరాయి, నేను ప్లే నొక్కాను. మొదటి పాట బాగానే వచ్చింది. రెండవ పాట మొదలవవలసిన చోట వారు అభ్యాసం చేయని వేరే పాట వచ్చింది. అక్క చేతులు గాలిలో ఆగిపోయాయి. ఆమె నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. కొరియోగ్రాఫర్ రెండు రోజుల ముందు పంపిన ఫైలు, ఆ ఉదయం పంపిన ఫైలు, రెండింటి పేరూ "ఫైనల్" అనే ఉంది. నేను పాతదాన్ని లోడ్ చేశాను. ఆ రాత్రి నుంచి కింది పద్ధతిని ఒక్కసారి కూడా తప్పలేదు.

- ట్రాకులన్నీ ముందు రోజు సాయంత్రం 6 గంటలకల్లా అందాలి. ఆ తరువాత మార్పు వస్తే, పాత ఫైలును వెంటనే తొలగించాలి.
- వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపమని చెప్పాలి.
- ఫైలు పేరును మీరే మార్చాలి: వరుస సంఖ్య, ఆడేవారి పేరు, నిడివి. ఉదాహరణకు "04 అక్క బావ 3ని 20సె".
- ప్రతి ట్రాక్‌ను మొదటి నుంచి చివరి వరకు వినాలి. మొదట్లో ఖాళీ ఉంటే కత్తిరించాలి, శబ్దం తక్కువగా ఉంటే సరిచేయాలి.
- ఆడేవారికి తిరిగి పంపి, "ఇదే కదా అండీ?" అని అడిగి, అవునన్న సమాధానం తీసుకోవాలి.
- నిలబడి మొదలుపెడతారా, సంగీతం మొదలయ్యాక వేదిక మీదకు వస్తారా అనేది పక్కన రాసుకోవాలి.

ఈ ట్రాకులు వేసేటప్పుడు ఒక పాట ముగియగానే తరువాతి పాట దానంతట అదే మొదలయ్యే సదుపాయాన్ని ఆపివేయండి. టెంపో స్లైడర్ సున్నా దగ్గర ఉందో లేదో, సింక్ ఆగి ఉందో లేదో చూడండి. ముందు వేసిన పాట వేగం అంటుకుని డాన్స్ ట్రాక్ ఆరు శాతం వేగంగా పరుగెత్తితే, ఆడేవారికి ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది గానీ ఏమిటో అర్థం కాదు.

6. సంచిలో ఉండవలసినవి

సౌండ్ మొత్తం హాలు వారిదే అయినా ఈ వస్తువులు మీ సొంతం కావాలి. కేబుళ్లు, కన్వర్టర్లు కోఠిలో గుజరాతీ గల్లీ చుట్టుపక్కల దుకాణాలలో దొరుకుతాయి. కొన్న రోజే ఇంట్లో కలిపి చూడండి.

- లాప్‌టాప్, ఛార్జర్, కంట్రోలర్, దాని యూఎస్‌బీ కేబుల్, అదే రకం అదనపు కేబుల్ ఒకటి
- ఒకే పాటలు ఉన్న రెండు పెన్‌డ్రైవ్‌లు. ఒకటి సంచిలో, ఒకటి జేబులో
- హెడ్‌ఫోన్లు, పావు అంగుళం కన్వర్టర్
- ఆర్‌సీఏ (ఎరుపు, తెలుపు చిన్న పిన్నులు) నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ (మైకు కేబుల్‌కు ఉండే మూడు పిన్నుల ప్లగ్), ఆర్‌సీఏ నుంచి పావు అంగుళం జాక్ కేబుళ్లు, రెండేసి
- రెండు చానెళ్ల డీఐ బాక్స్ (మీ శబ్దాన్ని మిక్సర్‌కు సరిపోయేలా మార్చే చిన్న పెట్టె)
- ఆరు సాకెట్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు, 16 ఆంపియర్ల ప్లగ్‌కు సరిపోయే కన్వర్టర్
- గంటన్నర పాటలతో సిద్ధంగా ఉన్న ఫోన్, దాన్ని మిక్సర్‌కు కలిపే కేబుల్
- గాఫర్ టేపు, చిన్న టార్చి, చెవి ప్లగ్గులు, నీళ్ల సీసా

ప్రారంభకులు ఎక్కువగా వాడే డీడీజే-ఎఫ్‌ఎల్‌ఎక్స్4 వంటి చిన్న కంట్రోలర్లకు ఆర్‌సీఏ మాస్టర్ అవుట్‌పుట్ (కలిపిన శబ్దం బయటకు వెళ్లే చోటు) మాత్రమే ఉంటుంది. హాలులోని మిక్సర్ ఎక్స్‌ఎల్‌ఆర్ అడుగుతుంది. ఆ మధ్య కేబుల్ లేక గంట ఆలస్యమైన ఈవెంట్లు చాలా ఉన్నాయి.

7. హాలుకు చేరాక: కలపడం, సౌండ్ చెక్

అతిథులు రావడానికి కనీసం రెండు గంటల ముందు చేరండి. సామాను దించకముందే సౌండ్ ఆపరేటర్‌ను పలకరించండి. "నమస్తే అన్నా, నేను డీజే. నాది స్టీరియో అవుట్‌పుట్, రెండు ఎక్స్‌ఎల్‌ఆర్‌లు ఇస్తాను. ఏ చానెళ్లు ఖాళీ ఉన్నాయి? నాకు వినబడేలా ఒక మానిటర్ బాక్సు దొరుకుతుందా?" ఈ నాలుగు వాక్యాలతో పని తెలిసిన మనిషి వచ్చాడని ఆయనకు అర్థమవుతుంది. ఆ సాయంత్రమంతా మీకు అండగా ఉండేది ఆయనే; ఆయన బాక్సుల మీద ఆయనకు తెలిసినంత మీకు తెలియదు.

కలిపే క్రమం ఎప్పుడూ ఒకటే. ముందుగా కేబుళ్లన్నీ కలపండి. తరువాత లాప్‌టాప్, కంట్రోలర్, మిక్సర్ ఈ వరుసలో ఆన్ చేయాలి. ఆంప్లిఫయర్లు లేదా పవర్డ్ బాక్సులు అన్నిటికంటే చివర. ఆపేటప్పుడు బాక్సులు మొదట ఆపాలి. ఈ వరుస తప్పితే పెద్ద "ధబ్" శబ్దం వస్తుంది, ఒక్కోసారి స్పీకర్ పోతుంది.

లాప్‌టాప్‌లో వైఫై, బ్లూటూత్, నోటిఫికేషన్లు ఆపివేయండి. విండోస్ అప్‌డేట్‌ను ముందు రోజే ముగించండి. స్లీప్, స్క్రీన్‌సేవర్ ఉండకూడదు. కంట్రోలర్‌ను హబ్ ద్వారా కాకుండా నేరుగా లాప్‌టాప్ పోర్టుకే కలపండి.

బాక్సుల నుంచి సన్నని "ఊం" అనే శబ్దం వస్తుంటే, ముందుగా లాప్‌టాప్ ఛార్జర్‌ను తీసి చూడండి. శబ్దం ఆగిపోతే అది గ్రౌండ్ లూప్. లాప్‌టాప్, మిక్సర్ వేర్వేరు ప్లగ్ పాయింట్ల నుంచి కరెంటు తీసుకుంటున్నప్పుడు ఇది సాధారణం. రెండింటినీ ఒకే బోర్డుకు మార్చండి. అప్పటికీ పోకపోతే డీఐ బాక్స్‌ను మధ్యలో పెట్టి దాని గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కండి. ప్లగ్‌లో ఎర్త్ పిన్నును విరిచేసే వారిని చూశాను. ప్రాణాల మీదకు తెచ్చే పని అది, ఎట్టి పరిస్థితులలోనూ చేయవద్దు.

ఇప్పుడు లెవెల్స్. మీకు బాగా తెలిసిన ఒక పాటను, అందులో అన్నిటికంటే గట్టిగా ఉండే భాగం నుంచి వేయండి. చానెల్ ఫేడర్ (ఆ పాట శబ్దాన్ని పెంచి తగ్గించే జారుడు మీట) పూర్తిగా పైకి ఉంచి, దాని పైన ఉండే, లోపలికి వచ్చే శబ్దాన్ని సరిచేసే ట్రిమ్ నాబ్‌తో మీటర్ ఆకుపచ్చ దాటి నారింజ అంచును తాకేలా చూడండి. ఎర్ర దీపం వెలగకూడదు. ఎరుపు అంటే శబ్దం పెరగడం కాదు, తరంగం పైభాగం తెగిపోవడం. ఆ తెగిన శబ్దమే చెవికి గుచ్చుకుంటుంది, ట్వీటర్లను కాలుస్తుంది. మీ మాస్టర్‌ను ఒక చోట స్థిరపరిచి, హాలుకు ఎంత శబ్దం కావాలో ఆపరేటర్ మిక్సర్ దగ్గర నిర్ణయించనివ్వండి. ఇంకా పెంచమని ఎవరైనా అడిగితే ఆయనకు చెప్పండి, మీ నాబ్ తిప్పకండి.

పాట మోగుతుండగా హాలు అంతా ఒకసారి నడవండి. గ్రానైట్ నేల, అద్దాల గోడలు ఉన్న ఖాళీ హాలు బాగా ప్రతిధ్వనిస్తుంది. జనం నిండాక ఆ ప్రతిధ్వని తగ్గుతుంది, పై స్వరాలు కూడా కొంత తగ్గుతాయి. కనుక ఖాళీ హాలులో పదునుగా ఉందని ట్రెబుల్‌ను బాగా తగ్గించేయకండి. పెద్దవాళ్లు కూర్చునే ముందు వరుస సోఫాల వైపు సబ్ (బేస్ బాక్సు) నేరుగా చూస్తుంటే ఇప్పుడే జరిపించండి.

మైకును కూడా ఈ సమయంలోనే పరీక్షించండి. యాంకర్ బాక్సుల ముందుకు నడిస్తే కీచుమని అరుస్తుంది. ఎక్కడి వరకు నడవవచ్చో నేల మీద టేపుతో గీత వేసి చూపించండి. కార్డ్‌లెస్ మైకులో కొత్త బ్యాటరీలు వేయించండి.

8. పాటలు వేసే గంటలు

మొదటి గంట మీ ప్రతిభ చూపే సమయం కాదు. అతిథులు ఒకరినొకరు పలకరించుకుంటున్నప్పుడు మాట వినబడేంత తక్కువ శబ్దంలో మెలోడీలు వేయండి. మంచి పాటలన్నీ ఇక్కడే ఖర్చు చేసేవారికి 9 గంటలకు చేతిలో ఏమీ మిగలదు.

డాన్స్ మొదలుపెట్టించడానికి పెద్దలకూ పిల్లలకూ ఒకేసారి తెలిసిన పాట కావాలి. ఒక తరం పాటతో ఆ తరమే లేస్తుంది. మొదట లేచినవారిని నిలబెట్టడానికి అదే ఊపులో మూడు పాటలు వేసి, ఆ తరువాతే భాష గానీ వేగం గానీ మార్చండి. హైదరాబాద్ జనం తెలుగు మాస్ నుంచి హిందీకి, అక్కడి నుంచి పంజాబీకి, మళ్లీ ఫోక్‌కు ఇష్టంగా వస్తారు. కానీ ప్రతి పాటకూ భాష మారిస్తే ఎవరికీ నిలదొక్కుకునే వీలు ఉండదు.

తల ఎత్తి చూడండి. స్క్రీన్ మీద తరంగాలు చూస్తూ ఉన్న డీజేకు అంచుల్లో ఉన్నవారు కుర్చీల వైపు జరుగుతున్న సంగతి తెలియదు. మధ్యలో ఉన్నవారు ఎప్పుడూ ఆడుతూనే ఉంటారు, మీరు గమనించవలసింది అంచునే. అంచు పలచబడుతుంటే చరణం దాకా ఆగకుండా పాట మార్చేయండి.

"అన్నా, మా పాట ఒక్కటి వెయ్యవా" అని వచ్చేవారికి లేదనకండి, వెంటనే వేయనూ వద్దు. "మంచి పాట, ఇంకో మూడు పాటల తరువాత వేస్తాను" అని చెప్పి, సరిపోయే చోట నిజంగానే వేయండి. వారి ఫోన్‌ను మీ కన్సోల్‌కు కలపనివ్వకండి.

పెళ్లి తంతు జరుగుతున్న హాలులోనే మీరు ఉంటే మరొక మర్యాద ఉంది. పురోహితుడు మంత్రాలు చదువుతున్నప్పుడు మీ ఫేడర్లు కిందనే ఉండాలి. మంగళసూత్రధారణ వేళ గట్టిమేళం నాదస్వరం, డోలు వారిది. ఆ క్షణంలో ఏ పాటా వేయకండి, ఎవరు సైగ చేసినా సరే.

మీ చెవుల గురించి కూడా చెప్పాలి. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు సురక్షితమని లెక్క. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గర అది పావుగంటే. చెవి ప్లగ్గులు పెట్టుకుని పని చేయడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

9. ఏదైనా ఆగిపోతే

కరెంటు పోయినప్పుడు: జనరేటర్ అందుకునేలోగా కొన్ని క్షణాలు బాక్సులు ఆగుతాయి. లాప్‌టాప్ నుంచే కరెంటు తీసుకునే కంట్రోలర్ అయితే మీ పాట లోపల నడుస్తూనే ఉంటుంది. మొదటి పని మాస్టర్‌ను పూర్తిగా కిందకు దించడం. కరెంటు వచ్చాక మెల్లగా పెంచుతూ, తెలిసిన పల్లవి నుంచి మొదలుపెట్టండి.

సాఫ్ట్‌వేర్ స్తంభించినప్పుడు: మిక్సర్‌కు ముందే కలిపి పెట్టిన ఫోన్‌లోని పాటను వేయండి, ఆ తరువాతే లాప్‌టాప్‌ను మళ్లీ ఆన్ చేయండి. జనం ఆడుతూ ఉంటే మీ చేతులు వణకవు.

ఒక వైపు శబ్దం రానప్పుడు: ఎడమ, కుడి కేబుళ్లను మిక్సర్ దగ్గర తారుమారు చేయండి. లోపం రెండవ వైపుకు మారితే అది మీ కేబుల్‌ది గానీ కంట్రోలర్‌ది గానీ. మారకపోతే ఆపరేటర్ వైపుది.

ఎండలో జరిగే హల్దీలో లాప్‌టాప్ నెమ్మదించినప్పుడు: మే నెల మధ్యాహ్నం షామియానా అంచున పెట్టిన లాప్‌టాప్ వేడెక్కి పాటను తడబాటుకు గురిచేస్తుంది. నీడలోకి మార్చండి, కింద గాలి ఆడేలా ఎత్తు పెట్టండి. పసుపు నీళ్లు చల్లుకునే చోటికి పది అడుగుల దూరంలో ఉండండి; కంట్రోలర్ మీద పలుచని ప్లాస్టిక్ కవర్ సిద్ధంగా ఉంచుకోండి.

డాన్స్ ట్రాక్ తప్పు వచ్చినప్పుడు: వెంటనే ఆపండి. యాంకర్‌కు సైగ చేసి, సరైన ఫైలు లోడ్ చేసి, మొదటి నుంచి మొదలుపెట్టండి. తప్పు పాటకే ఆడమని వారిని వేదిక మీద వదిలేయకండి. ముగిశాక స్వయంగా వెళ్లి క్షమాపణ చెప్పండి.

10. ముగింపు గంట

ఆపవలసిన సమయానికి పావుగంట ముందు నిర్ణయం చెప్పే వ్యక్తి దగ్గరకు వెళ్లి, "ఇంకా నాలుగైదు పాటలండి, చివర ఏది కావాలి?" అని అడగండి. వారు కోరిన పాటతో ముగించి, మైకులో వధూవరుల పేర్లు చెప్పి, శబ్దాన్ని మెల్లగా తగ్గించండి. అదనపు గంట కావాలంటే, హాలు లోపలైతే, ధర గుర్తుచేసి అక్కడే ఒప్పించుకోండి. లాన్‌లో అయితే 10 గంటలు దాటాక కుదరదని మర్యాదగా చెప్పండి.

బాక్సులు ఆగిన తరువాతే మీ కేబుళ్లు తీయండి. సంచి జాబితాను చేతిలో పట్టుకుని ఒక్కొక్కటి టిక్ పెడుతూ సర్దండి; హాళ్లలో ఎక్కువగా మిగిలిపోయేవి ఛార్జర్లు, కన్వర్టర్లే. సౌండ్ ఆపరేటర్‌కు కృతజ్ఞత చెప్పి ఆయన నంబరు తీసుకోండి. మరునాడు ఉదయం, ఏ పాటకు జనం లేచారో, ఏ పాటకు కూర్చున్నారో గుర్తున్నంతవరకు రాసుకుని, తరువాతి ఈవెంట్ ఫోల్డర్లను ఆ కాగితం ముందు పెట్టుకుని సరిచేయండి.